పాత కంప్యూటరు – క్రొత్త తెర

అలమారలో ఏండ్ల తరబడి బట్టచుట్టి యుంచిన పాత కంప్యూటరును వెలికిదీసి, నేటి పలుచని టెలివిజనుకు తగిలించి చూడవలెనను ముచ్చట కొందరికి కలుగుచుండును. పాత యంత్రమునకును క్రొత్త తెరకును నడుమ ‘అప్‌స్కేలరు’ అను చిన్న పెట్టెను ఉంచినచో బొమ్మ వచ్చునని ఎవరో చెప్పుదురు. పెట్టెను కొందురు; తీగలు తగిలింతురు; మీట వేయుదురు. తెరమీద చీకటి తప్ప మరేమియు ఉండదు. ఒక మూల ‘సంకేతము లేదు’ అను అక్షరములు మాత్రము కనబడును. అంతట, ‘ఇంతకాలము మూలబడి యున్నది కదా, పాడైపోయినది కాబోలు’ అని నిశ్చయించి, యంత్రమును పాత సామానులవానికి తూచి ఇచ్చివేయుదురు.

ఈ తీర్పు పెక్కు సందర్భములందు తొందరపాటు తీర్పు. రేడియో కలిగిన వారికి ఈ సంగతి సులభముగనే బోధపడును. మీటరు ముల్లును కేంద్రము లేని చోట నిలిపి, రేడియో పలుకలేదని కేంద్రమును నిందింపము గదా! కేంద్రము పలుకుచునే యున్నది. మన పెట్టె వినవలసిన చోట వినుట లేదు. పాత కంప్యూటరు విషయమును ఇట్టిదే. అది పంపు చిత్రసంకేతమునకు ఒక వేగము, ఒక మట్టము, ఒక తాళము కలవు. అప్‌స్కేలరు ఆ మూడింటిని గుర్తింపలేనపుడు తెర చీకటిగా ఉండును. కావున చీకటి తెర చెప్పునది ‘యంత్రము చచ్చినది’ అని కాదు, ‘మా ఇద్దరికి పొత్తు కుదరలేదు’ అని మాత్రమే. ఆ పొత్తు ఎచ్చట తప్పినదో కనుగొనుటకు వరుసగా అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. వానిని ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

చిత్రము తీగవెంట వచ్చు తీరు

టెలివిజను చిత్రము తీగవెంట ఒక్కసారిగా రాదు. మగ్గముపై పోగు తరువాత పోగు పడినట్లు, గీత తరువాత గీతగా వచ్చును. ఎడమనుండి కుడికి ఒక గీత. అది ముగియగానే దాని దిగువన మరియొకటి. ‘ఈ గీత ముగిసినది, మరల ఎడమ ప్రక్కకు రమ్ము’ అని ఒక సూచనయు, ‘చిత్రము అడుగంటినది, మరల పైకి రమ్ము’ అని మరియొక సూచనయు వెలుగు సంకేతముతో కూడ రావలెను. వీనినే ‘సింక్’ అందురు. మనము వీనిని తాళ సంకేతములని పిలుచుకొందము. గాయకుడెంత చక్కగా పాడినను తాళము తప్పినచో కచేరి చెడునట్లే, ఇవి తప్పినచో ఎంత చక్కని చిత్రమైనను చెదరిపోవును.

మన దేశమున టెలివిజను 1959లో ఢిల్లీలో ఆరంభమైనది. హైదరాబాదు కేంద్రము 1977లో వెలసినది. మనము అనుసరించిన పద్ధతిలో ఒక చిత్రమునకు 625 గీతలు, సెకనుకు 25 చిత్రములు. ఈ రెంటిని హెచ్చించినచో సెకనుకు 15,625 గీతలగును. వెనుకటి టెలివిజను పెట్టెలనుండి సన్నని ఈలవంటి ధ్వని వచ్చుచుండెడిది. అది ఈ 15,625 హెర్ట్‌జుల ధ్వనియే. పిల్లల చెవికి అది వినబడెడిది. వృద్ధులకు వినబడెడిది కాదు. ప్రక్క గదిలో టెలివిజను వేసినపుడు మీడియం వేవులో అక్కడక్కడ కూత పుట్టుటయు ఈ పౌనఃపున్యపు గుణకముల వలననే.

పిక్చరు ట్యూబు కాలమున ఎలక్ట్రానుల కిరణము ఈ తాళ సంకేతములకు లోబడి పరుగెత్తెడిది. సంకేతము కొంచెము వడిగా వచ్చినను, కొంచెము తడబడినను, కిరణము దానివెంట సర్దుకొని పోయెడిది. నేటి పలుచని తెరలో పరుగెత్తు కిరణము లేదు. లెక్కపెట్టి అమర్చిన చుక్కలు మాత్రమే కలవు. ఏ చుక్కకు ఏ వెలుగు ఇవ్వవలెనో ముందుగా లెక్క తేలవలెను. లెక్క తేలనిచో ఆ తెర ఏమియు చూపదు. వెనుకటి పెట్టె ఓర్పు గల శ్రోత వంటిది. నేటి తెర నియమము తప్పని గుమాస్తా వంటిది. వీరి నడుమ మాట కలుపు దుబాసియే అప్‌స్కేలరు. ఐనను దుబాసికి సైతము తెలిసిన భాషలు కొన్ని, తెలియనివి కొన్ని ఉండును.

వేగములలోని భేదములు

పాత కంప్యూటర్లన్నియు ఒకే వేగముతో గీతలు గీయవు. టెలివిజనుకు తగిలించుటకై చేసిన ఇంటి కంప్యూటర్లు టెలివిజను వేగమునే అనుసరించినవి. ఆఫీసులకై చేసినవి తమ మానిటర్లతోనే వచ్చెడివి కావున వేరు వేగములను ఎన్నుకొన్నవి. ఐ.బి.ఎం. సంస్థ 1981లో వెలువరించిన కంప్యూటరునకు రెండు విధముల చిత్రపలకలుండెను. రంగులు చూపు సి.జి.ఏ. పలక సెకనుకు సుమారు 15,700 గీతలు గీయగా, అక్షరములకు మాత్రమే ఉద్దేశించిన ఎం.డి.ఏ. పలక సుమారు 18,400 గీతలు గీసెడిది. 1984లో వచ్చిన ఇ.జి.ఏ. పలక 350 గీతల చిత్రమునకు సుమారు 21,800 గీతల వేగమును, 1987లో వచ్చిన వి.జి.ఏ. సుమారు 31,500 గీతల వేగమును అవలంబించినవి. 1985లో వెలువడిన అటారీ ఎస్.టి. రంగుల మానిటరుతో ఒక వేగమును, నలుపు తెలుపుల మానిటరుతో దానికి రెట్టింపు మించిన వేగమును చూపును.

అప్‌స్కేలర్లలో చాలభాగము టెలివిజను వేగమును, వి.జి.ఏ. వేగమును ఎరుగును. నడుమనున్న 18 వేలు, 22 వేలు, 25 వేల మెట్లు కొన్ని పెట్టెలకు తెలియవు. కావున పెట్టెను కొనుటకు ముందే, అది ఏ యే వేగములను అంగీకరించునో దాని వివరపత్రమున చూచుకొనవలెను. మన యంత్రపు వేగము అందు లేనిచో తీగలను ఎన్ని విధముల మార్చినను ఫలితముండదు.

ఒక యంత్రమును ఉదాహరణగా గ్రహింతము

మాటలు గాలిలో తేలిపోకుండుటకు ఒక యంత్రమును ముందుంచుకొందము. ఇంగ్లండులో ప్రజలకు కంప్యూటరు జ్ఞానము కల్పించుటకై బి.బి.సి. పూనుకొన్న పథకమునకు అనుబంధముగా, కేంబ్రిడ్జి నగరపు ఏకార్న్ సంస్థ 1981 డిసెంబరులో వెలువరించిన ‘బి.బి.సి. మైక్రో’ అను కంప్యూటరును ఉదాహరణగా గైకొందము. మనకును దీనితో సంబంధము కలదు. మన దేశమున 1984లో ఆరంభమైన ‘క్లాస్’ అను పాఠశాలా కంప్యూటరు పథకమున విద్యార్థుల ముందుంచిన యంత్రము ఇదియే. పెక్కుమంది పిల్లలు మొట్టమొదట మీటలు నొక్కినది దీనిపైననే. నేడును ఏదో యొక పాఠశాల సామానుల గదిలోనో, పదవీ విరమణ చేసిన ఏ ఉపాధ్యాయుని ఇంటనో ఇట్టి యంత్రము మిగిలియుండుట అసంభవము కాదు.

మొదట చెవి, తరువాత కన్ను

ఏ ప్రశ్నకైనను ముందు ఒక జాగ్రత్త చెప్పవలసియున్నది. బహుకాలము మూలబడిన యంత్రమునకు వెంటనే కరెంటు ఇవ్వరాదు. బి.బి.సి. మైక్రోలోని విద్యుత్ పెట్టెలో మెయిన్సు తీగల నడుమనుండు కెపాసిటర్లు కాలక్రమమున బీటలువారి, తేమ పీల్చి, కరెంటు తగిలిన కొంతసేపటికి పొగలు క్రక్కుట తెలిసిన విషయమే. వానిని ఎలక్ట్రికు పని తెలిసిన వారిచే మార్పించుట చౌకైన పని; మార్పింపకుండుట అపాయకరము.

కరెంటు ఇచ్చిన పిదప తెరవంక చూడక, చెవి యొగ్గి వినవలెను. ఈ యంత్రము ఆరోగ్యముగా మేల్కొన్నచో మొదట ఒక బొంగురు ధ్వని, ఆ వెంటనే సన్నని చిన్న కూత వినబడును. మీటల పలకమీద కాప్స్ లాక్ దీపము వెలుగును. తరువాత కంట్రోల్ మీటతో కూడ ‘జి’ మీటను నొక్కినచో కూత మరల వినబడవలెను. ఈ మూడును జరిగినచో యంత్రము ప్రాణముతోనున్నది, మన మాట వినుచున్నది, బదులు చెప్పుచున్నది. ఇక లోపము చిత్రమార్గమున ఉన్నదని ఇంచుమించు నిశ్చయముగా చెప్పవచ్చును. ఒక్క బొంగురు ధ్వనియే ఎడతెగక మ్రోగుచున్నచో లోపము యంత్రమునందున్నది. అప్పుడు అప్‌స్కేలరును దూషింప పనిలేదు. రెండు నిమిషముల ఈ పరీక్ష రెండు దినముల వెదకులాటను తప్పించును.

మొదటి ప్రశ్న: ఏ ద్వారమునుండి ఏ సంకేతము?

బి.బి.సి. మైక్రో వెనుక చిత్రమునకు మూడు ద్వారములు కలవు. మొదటిది టెలివిజను ఏరియలు సాకెట్టుకు పోవునది. చిన్న ప్రసార కేంద్రమువలె 36వ ఛానలులో సంకేతమును పంపును. రెండవది ‘కాంపోజిట్’ అనునది. వెలుగు, తాళ సంకేతములు అన్నియు ఒకే తీగలో కలసి వచ్చును. ఈ యంత్రమున అది సాధారణముగా నలుపు తెలుపుల చిత్రమునే ఇచ్చును. మూడవది ‘ఆర్.జి.బి.’ అనునది, ఎరుపు, ఆకుపచ్చ, నీలము మూడు తీగలలో వేర్వేరుగను, తాళ సంకేతము నాల్గవ తీగలోను వచ్చును. మూడింటిలో తేటయైన చిత్రము ఇచ్చునది ఇదియే.

పరీక్షకు మాత్రము రెండవ ద్వారము ఉత్తమము. పసుపుపచ్చని గుండ్రని సాకెట్టు గల ఏ టెలివిజనుకైనను దానిని తగిలించి చూడవచ్చును. నలుపు తెలుపుల అక్షరములు కనబడెనా, యంత్రపు చిత్రభాగమును నిర్దోషియని తేలినది. ఇక వెదుకవలసినది కేబులునందును, అప్‌స్కేలరు అమరికలయందును మాత్రమే.

అన్ని అప్‌స్కేలర్లకు అన్ని ద్వారములు ఉండవు. ఉదాహరణకు, ఈ పనికై విరివిగా వాడబడు ‘ఓపెన్ సోర్స్ స్కాన్ కన్వర్టరు’ అను పెట్టె ఆర్.జి.బి. వంటి విడి సంకేతములనే గ్రహించును, కాంపోజిటును గ్రహింపదు. సాకెట్టులో ప్లగ్గు సరిగా ఇమిడినంత మాత్రమున సంకేతము సరిపడినట్లు కాదు. పెట్టె పట్టికలో ఎన్నుకొన్న రకమును సరిపోవలెను. ఆర్.జి.బి. పంపుచు, పట్టికలో టెలివిజను ‘కాంపోనెంటు’ రకమును ఎన్నుకొన్నచో చిత్రము వచ్చును గాని రంగులన్నియు వికృతముగా ఉండును.

రెండవ ప్రశ్న: మట్టము ఎంత?

ఈ ప్రశ్నను నిర్లక్ష్యము చేసినచో చిత్రము రాకపోవుట అటుండగా, పెట్టెయే పాడగును. టెలివిజను పద్ధతిలో రంగుల సంకేతము మిక్కిలి నిండు వెలుగునందును 0.7 వోల్టులకు మించదు. తాళ సంకేతము 0.3 వోల్టు. కొన్ని పాత కంప్యూటర్లు మాత్రము, లోపలి తర్క వలయములలో ప్రవహించు సంకేతమునే బయటకును పంపును. ఆ వలయములు 5 వోల్టులతో నడచునవి. రంగు ఉన్నది లేదా లేదు. నడిమి ఛాయలు లేవు. అందుచేతనే బి.బి.సి. మైక్రోకు మూడు తీగల మీద ఎనిమిది రంగులు, ఐ.బి.ఎం. సి.జి.ఏ. పలకకు నాలుగు తీగల మీద పదునారు రంగులు. అదే 1985లో వచ్చిన అమీగా కంప్యూటరు రంగులను టెలివిజను మట్టముననే పంపును గాని, దాని తాళ సంకేతము మాత్రము తర్క వలయముల మట్టముననే ఉండును.

ఎక్కువ మట్టమును తక్కువ మట్టమునకు దించు ఉపాయము సులభమైనదే. అప్‌స్కేలరు తన ద్వారమున 75 ఓముల భారమును చూపును. తాళపు తీగలో 470 ఓముల రెసిస్టరు ఒకటి చేర్చినచో, వచ్చునది పూర్తిగా 5 వోల్టులే యనుకొన్నను, పెట్టెకు చేరునది 5ను 545చే భాగించి 75చే హెచ్చింపగా వచ్చు 0.69 వోల్టు మాత్రమే. అది నిరపాయము. ఇంత చిన్న వస్తువు లేకపోవుటచే విలువగల పెట్టెలు చెడును. కావున కేబులును కొనునపుడు ‘ఈ కంప్యూటరునకే చేసినది’ అని అడిగి తీసికొనవలెను. ప్లగ్గు ఆకారమును చూచి తీసికొనరాదు. బి.బి.సి. మైక్రో యొక్క ఆరు కాళ్ళ సాకెట్టులో ఒక కాలిమీద 5 వోల్టుల విద్యుత్తే నేరుగా ఉన్నదని గుర్తుంచుకొన్నచో ఈ హెచ్చరిక ఎంత అవసరమో తెలియును.

మూడవ ప్రశ్న: తాళము ఏ తీరున వచ్చుచున్నది?

తాళ సంకేతములు ప్రయాణము చేయు మార్గములు మూడు. గీతల తాళము ఒక తీగలోను, చిత్రపు తాళము మరియొక తీగలోను విడివిడిగా వచ్చుట వి.జి.ఏ. పద్ధతి. రెండును కలసి ఒకే తీగలో వచ్చుట బి.బి.సి. మైక్రో పద్ధతి. ప్రత్యేకపు తీగయే లేక, ఆకుపచ్చ రంగు తీగలోనే కలసి వచ్చుట కొన్ని పాత వర్క్‌స్టేషనుల పద్ధతి. అప్‌స్కేలరు పట్టికలో ఈ మూడింటికిని వేర్వేరు పేర్లుండును. రెండు తీగలు వచ్చునని ఎదురుచూచు పెట్టెకు ఒక తీగ ఇచ్చినచో అది ఎంతసేపైనను ఎదురుచూచుచునే ఉండును. ‘సంకేతము లేదు’ అను మాటకు కారణము తరచుగా ఇదియే.

తాళము యొక్క దిక్కు కూడ చూడవలెను. కొన్ని యంత్రములు తాళపు దెబ్బను క్రిందికి కొట్టును, కొన్ని పైకి. బి.బి.సి. మైక్రోలో సర్క్యూటు పలకమీది ఒక చిన్న సంధానమును మార్చి ఈ దిక్కును త్రిప్పుటకు వీలున్నది. వెనుకటి మానిటరు కొరకు ఎవరైన దానిని త్రిప్పియున్నచో నేటి పెట్టెకు అది తలక్రిందుగా కనబడును. చిత్రము వచ్చియు, పై అంచు మాత్రము గాలికి జెండావలె వంగినచో, చిత్రపు తాళము పడు సమయమున గీతల తాళము తడబడుచున్నదని అర్థము. ఆ కొద్ది గీతల సేపు తాళమును పట్టించుకొనవలదని చెప్పు అమరిక మంచి పెట్టెలలో ఉండును. దానిని రెండు మూడు గీతలు పెంచియో తగ్గించియో చూచినచో వంపు తీరును.

నాలుగవ ప్రశ్న: గీతలు వరుసగానా, అల్లికగానా?

టెలివిజను ప్రసారమున ఒక్కొక్క చిత్రము రెండు సగములుగా వచ్చును: మొదట బేసి గీతలు, తరువాత సరి గీతలు. దీనిని అల్లిక పద్ధతి యనవచ్చును. ఇంటి కంప్యూటర్లు చాలవరకు ఈ అల్లికను విడిచి, సుమారు 312 గీతలను ఒకే చోట సెకనుకు 50 మార్లు గీయును. పిక్చరు ట్యూబుకు ఈ భేదముతో పని లేదు. అప్‌స్కేలరునకు మాత్రము ఇది ముఖ్యము. వచ్చుచున్నది అల్లిక యని తలచినచో అది రెండు సగములను కలిపి కుట్టుటకు యత్నించును. అప్పుడు అక్షరములు పైకి క్రిందికి వణకును. లేదా కదలు బొమ్మల అంచులు దువ్వెన పండ్లవలె చీలును.

బి.బి.సి. మైక్రోలో ఇచట ఒక విశేషమున్నది. అది మేల్కొనునపుడు అల్లిక తాళముతోనే మేల్కొనును. దానిని మాన్పుటకు ఒక ఆజ్ఞ కలదు: మొదట నక్షత్రపు గుర్తు, పిమ్మట టి, వి అను రెండక్షరములు, పిమ్మట సున్న, కామా, ఒకటి. ఇది వ్రాసి రిటర్ను మీట నొక్కవలెను. ఆజ్ఞ వెంటనే ఫలింపదు. తరువాత మోడ్ మార్చినపుడు ఫలించును. మోడ్ అను మాటను, దాని తరువాత 0 నుండి 6 వరకు ఏదైన ఒక అంకెను వ్రాసి మరల రిటర్ను నొక్కినచో, వణకు నిలిచి అక్షరములు స్థిరపడును. 7వ మోడు మాత్రము టెలిటెక్స్టు పద్ధతిది. అది ఎల్లప్పుడు అల్లికగానే ఉండును. ఈ ఆజ్ఞ దానికి పనిచేయదు. యంత్రము మేల్కొనునది ఆ 7వ మోడులోనే కావున, మొదటి క్షణమున చిత్రము వణకినంత మాత్రమున నిరాశపడరాదు.

అయిదవ ప్రశ్న: తెర 50ని ఒప్పుకొనునా?

ఇంతవరకు అన్నియు సరిపడియు తెర చీకటిగనే ఉన్నదనుకొందము. అప్‌స్కేలరు మీది చిన్న పలకయో దీపమో సంకేతము అందినదని చెప్పుచున్నది; తెర మాత్రము కాదనుచున్నది. అప్పుడు తప్పు పెట్టెకును తెరకును నడుమ ఉన్నది.

అప్‌స్కేలర్లు రెండు జాతులు. ఒక జాతి వచ్చిన గీతను వచ్చినట్లే రెండు మారులో మూడు మారులో చదివి ముందునకు పంపును. సెకనుకు 15,625 గీతలు వచ్చినచో 31,250 గీతలు పోవును; సెకనుకు 50 చిత్రములు వచ్చినచో 50 చిత్రములే పోవును. మీట నొక్కుటకును చిత్రము కదలుటకును నడుమ ఆలస్యము దాదాపు ఉండదు. రెండవ జాతి పూర్తి చిత్రమును తన జ్ఞాపకమున నిలుపుకొని, సెకనుకు 60 చొప్పున క్రొత్తగా పంపగలదు. దీనిని ఏ తెరయైనను అంగీకరించును. కాని 50ని 60గా చేయవలెనన్నచో అయిదు చిత్రములకొకటి చొప్పున రెండవమారు చూపవలెను. నెమ్మదిగా జరుగు బొమ్మ సన్నగా కుదుపులు పడును; కొంచెము ఆలస్యమును కలుగును.

మన టెలివిజనులు 50 పద్ధతికి అలవాటుపడినవే కావున సాధారణముగా చిక్కు రాదు. కంప్యూటరు మానిటర్లలో కొన్ని మాత్రము 60నే కోరును. కావున మానిటరు మీద రాని చిత్రమును ముందుగా ఇంటి టెలివిజను మీద పరీక్షింపుడు. గీతలను మూడింతలు, నాలుగింతలు చేయు అమరికను విడిచి, రెండింతలకు తగ్గింపుడు. రెండింతలలో వచ్చి, మూడింతలలో రానిచో కంప్యూటరుకు గాని కేబులుకు గాని లోపము లేదు.

ఆరవ ప్రశ్న: కొలత సరిపడినదా?

చిత్రము వచ్చినది, నిలిచినది. ఐనను అక్షరములలో కొన్ని నిలువు గీతలు లావుగా, కొన్ని సన్నముగా, కొన్ని మసకగా ఉన్నవి. ఇది చివరి చిక్కు. తీగలో వచ్చు గీతయందు చుక్కలు విడివిడిగా ఉండవు. హెచ్చుతగ్గుల అలగా ఉండును. ఆ అలను ఎన్ని చోట్ల కొలిచి చుక్కలుగా చేయవలెనో అప్‌స్కేలరునకు మనమే చెప్పవలెను.

బి.బి.సి. మైక్రో యొక్క సున్న మోడులో గీతకు 640 చుక్కలు కనబడును. అవి మైక్రోసెకనుకు 16 చొప్పున పరుగెత్తును. ఒక గీతకు పట్టు కాలము, అంచులును వెనుకకు మరలు వ్యవధియు కలుపుకొని, 64 మైక్రోసెకనులు. 16ను 64చే హెచ్చింపగా 1,024. టెలివిజను ప్రమాణమును అనుసరించు పెట్టె గీతకు 864 కొలతలే తీయును. 1,024 గింజలను 864 గిన్నెలలో గిన్నెకొకటి చొప్పున పోయ సాధ్యమగునా? కొన్ని గిన్నెలలో రెండు గింజలు కలసిపోవును. అవియే మసకబారిన నిలువు గీతలు. పట్టికలో గీతకు కొలతల సంఖ్యను 1,024గా మార్చినచో ఆ మసక పోవును. తరువాత ‘ఫేజ్’ అను అమరికను ఒక్కొక్క మెట్టుగా జరిపి, చుక్క అంచున కాక నడుమ కొలత పడునట్లు చేసినచో అక్షరములు అచ్చొత్తినట్లు నిలుచును.

ఇట్టి చిక్కు వి.జి.ఏ. యంత్రములందును కలదు. అక్షరముల తెర 720 చుక్కలది, బొమ్మల తెర 640 చుక్కలది. ఒకదానికి గీతకు మొత్తము 900 కొలతలు, మరియొకదానికి 800 కొలతలు కావలెను. ఐనను పెక్కు సందర్భములందు రెంటికిని గీతల వేగమొకటే, చిత్రముల వేగమొకటే, తాళపు దిక్కును ఒకటే. ఏది వచ్చుచున్నదో పెట్టె తనంతట తాను పోల్చుకొనజాలదు. చూచు మనుష్యుడే చెప్పవలెను.

లక్షణమును బట్టి లోపము

పై విషయములను ముక్తసరిగా చెప్పినచో ఇట్లుండును. యంత్రము కూసి, తెర పూర్తిగా చీకటియైనచో: ద్వారమును, తాళపు రకమును, మట్టమును చూడవలెను. పెట్టెకు సంకేతము అంది, తెరకు అందనిచో: చిత్రముల వేగమును, గీతల పెంపును చూడవలెను. చిత్రము దొర్లుచున్నచో: తాళపు తీగను, దాని దిక్కును చూడవలెను. వణకుచున్నచో: అల్లికను మాన్పవలెను. తెలుపు రంగు ఆకాశనీలముగా కనబడినచో ఎరుపు తీగయు, పసుపుగా కనబడినచో నీలపు తీగయు, గులాబివన్నెగా కనబడినచో ఆకుపచ్చ తీగయు తెగినవి. నిలువు గీతలు మసకైనచో: కొలతను, ఫేజును సరిదిద్దవలెను.

ఒక నియమమును మాత్రము తప్పరాదు. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, దాని ఫలమును నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినవారికి, చిత్రము వచ్చినను ఎందువలన వచ్చెనో తెలియదు. ప్లగ్గులను తగిలించుటకును తీయుటకును ముందు అన్ని యంత్రముల మీటలను ఆపవలెను.

అప్‌స్కేలరు ఎంతకును ఒప్పుకొననిచో, ఇంకొక దారి కలదు. ‘ఆర్.జి.బి. టు హెచ్.డి.ఎం.ఐ.’ అను పేరుతో, రాస్ప్‌బెర్రీ పై జీరో అను చిన్న కంప్యూటరును ఆధారముగా చేసికొని నిర్మించిన పలక ఒకటున్నది. అది మొట్టమొదట బి.బి.సి. మైక్రో కొరకే రూపొందినది. తర్క వలయముల సంకేతమును టెలివిజను మట్టమునకు దింపి మరల కొలుచు శ్రమ లేక, ఉన్నది ఉన్నట్లుగనే చదువును. సి.జి.ఏ., ఇ.జి.ఏ. వంటి పలకలకును అది ఉపకరించును.

ఇంత శ్రమ ఎందులకు?

ఒక పాత యంత్రమునకు ఇంత శ్రమ తగునా యని ఎవరైన అడుగవచ్చును. ఆ యంత్రముతో కూడ అలమారలో ఉన్న కాసెట్టులను, ఫ్లాపీలను తలచుకొనవలెనని మా ప్రత్యుత్తరము. బి.బి.సి. మైక్రో తన ప్రోగ్రాములను 1,200, 2,400 హెర్ట్‌జుల రెండు ధ్వనులుగా మార్చి కాసెట్టుపై దాచును. ఆ రోజులలో హాలండు దేశపు రేడియో ఇట్టి ధ్వనులుగా ప్రోగ్రాములను ప్రసారము చేయగా శ్రోతలు టేపుపై ఎక్కించుకొని తమ కంప్యూటర్లలో నడిపించెడివారు. ఆ టేపులపై ఒక ఉపాధ్యాయుడు పిల్లలకొరకు వ్రాసిన లెక్కల పాఠము ఉండవచ్చును; నేడు పెద్దవాడైన ఒక బాలుడు వ్రాసిన మొదటి ప్రోగ్రాము ఉండవచ్చును. టేపు మీది అయస్కాంతపు పూత ఏటేట క్షీణించుచున్నది. దానిని చదువగల యంత్రము ఇంటనుండి, తెర చీకటిగా ఉన్నదను ఒక్క కారణమున తూకమునకు పోయినచో, అందలి వ్రాతయు దానితోనే పోవును.

కావున మీ ఇంట ఇట్టి యంత్రమున్నచో, తెరమీది అక్షరములను తుది తీర్పుగా గ్రహింపకుడు. ముందు చెవి యొగ్గి వినుడు. అది పలికినచో, మిగిలినది ఓర్పుతో అడుగవలసిన ఆరు ప్రశ్నలు మాత్రమే.